రాజు ఇచ్చిన ఇనాం, పౌరసత్వం లేని పిల్లలు

జమైకాలో పుట్టిన రాస్తఫారి మతాన్ని నమ్మేవాళ్లు (రాస్తాలు) ఎవరైనా తాతముత్తాతల నేల వెతుక్కుంటూ బయల్దేరితే, చరిత్ర ప్రకారం చేరాల్సింది పశ్చిమ ఆఫ్రికాకు. జమైకాకు తెచ్చిన బానిసల్లో ఎక్కువ మందిని ఓడలెక్కించింది నేటి ఘనా, నైజీరియా తీరాల్లోనే. వీళ్లు మాత్రం ఖండానికి అటు చివరున్న ఇథియోపియాకు వెళ్లారు. దాన్ని అమాయకత్వమని కొట్టిపారేయడం అన్యాయం. ఊరూ పేరూ భాషా అన్నీ లాగేసుకున్నాక ఏ పల్లెకని తిరిగి వెళ్తారు? 1930లో రాస్ తఫారి, హైలే సెలాసీ పేరుతో గద్దెనెక్కాడు. తెల్లవాళ్ల పాలనలో నలుగుతున్న జమైకా పేదల్లో కొందరు ఆ నల్లజాతి చక్రవర్తిలో దేవుణ్ణే చూశారు.

ఇటలీ దండెత్తినప్పుడు తమకు అండగా నిలిచిన పాశ్చాత్య దేశాల నల్లజాతివారికి ఆయన 1948లో భూమి ఇచ్చాడు. అడిస్ అబాబాకు దక్షిణాన దాదాపు 250 కిలోమీటర్ల దూరంలో, షాషమనె దగ్గర, సుమారు 200 హెక్టార్లు. 1966లో ఆయన జమైకా వచ్చి వెళ్లాక వలసలు ఊపందుకున్నాయి.

అసలు చిక్కంతా ఆ భూమిలోనే ఉంది. అది ఒరొమో ప్రజల ప్రాంతం. 19వ శతాబ్దం చివర్లో ఇథియోపియా చక్రవర్తి రెండో మెనెలిక్ సైన్యాలు గెలుచుకున్నది. ఇనాముల చరిత్ర తెలిసిన మనకు ఈ కథ కొత్త కాదు. రాజు దానమిచ్చిన భూమిని అప్పటికే ఎవరో దున్నుకుంటూ ఉంటారు. 1965లో అడిస్ అబాబా విద్యార్థులు 'దున్నేవాడికే భూమి' అంటూ ఊరేగింది అందుకే. 1974లో చక్రవర్తిని దించేశారు, మరుసటి ఏడు భూములన్నీ ప్రభుత్వపరం చేశారు. షాషమనె రాస్తాల చేతిలో మిగిలింది చాలా తక్కువ.

ఆ పేటను స్థానికులు 'జమైకా సఫర్' అంటారు. అక్కడి గేట్ల మీద ఆకుపచ్చ, పసుపు, ఎరుపు రంగుల మధ్య సింహం బొమ్మ కనిపిస్తుంది. రాస్తాకు అది విముక్తి జెండా. పక్కింటి ఒరొమో రైతు కుటుంబానికి అది తమ తాతల భూమి లాక్కున్న రాజ్యం జెండా కావచ్చు. వేర్లు వెతుక్కుంటూ వచ్చినవాళ్లు ఆ నేలలో అంతకుముందే ఉన్న వేర్లను కూడా గుర్తించాలి. అది తప్పించుకోలేని బాధ్యత.

ప్రభుత్వం బాధ్యత ఇంకా పెద్దది. ఇథియోపియా గడ్డమీద పుట్టినంత మాత్రాన పౌరసత్వం రాదు. తల్లిదండ్రుల్లో ఒకరైనా ఇథియోపియన్ అయి ఉండాలి. 2017లో రాస్తాలకు గుర్తింపు కార్డులు ఇస్తామన్నారు. వీసా టెన్షన్ తీరుతుంది గానీ ఓటు రాదు. అక్కడే పుట్టి, అమ్హారిక్ మాట్లాడుతూ, అక్కడి బడుల్లో చదివిన పిల్లలకు ఈ కార్డు చాలదు. వాళ్లకు పూర్తి పౌరసత్వం ఇవ్వాలి, అదీ చట్టం ద్వారా. రాజు దయతో వచ్చింది ఆ రాజుతోనే పోయిందని వాళ్ల పెద్దవాళ్లు ఒకసారి చూశారు.