నీళ్లు వస్తున్నాయా అని అడిగితే

మొన్న సంక్రాంతికి ఒడిశాలోని మా ఊరు బరంపురం వెళ్లినప్పుడు, చేతిలో ట్యాబ్ పట్టుకుని సర్వే కోసం ఇంటింటికీ తిరుగుతున్న ఒక కాలేజీ అమ్మాయి మా అరుగు మీద కూర్చుని మా అమ్మను ఒడియాలో అడిగింది: "పాణి ఆసుచి కి?" (నీళ్లు వస్తున్నాయా?) అమ్మ "ఆసుచి" అంది. ఆ అమ్మాయి తెర మీద వేలు ఆనించి, తరువాతి ప్రశ్నకు వెళ్లిపోయింది. ఆమె గుమ్మం దాటగానే అమ్మ నావైపు తిరిగి, "వస్తున్నాయి సరే, ఏ వేళప్పుడు వస్తున్నాయో అడగలేదు చూశావా?" అంది. మా వీధి కుళాయి తెల్లవారుజామున నాలుగింటికి వస్తుంది. మూడో బిందె నిండేసరికి ధార సన్నబడుతుంది. డెబ్బై దాటిన మనిషి మోకాళ్ల నొప్పులతో ఆ బిందెలను ఒక్కొక్కటిగా వంటింట్లోకి చేరవేసుకుంటుంది. ట్యాబ్‌లో మాత్రం ఆమె నీటి కొరత లేని గృహిణి.

అమ్మకు ఒడియా రాక కాదు. మా గంజాం జిల్లా 1936లో మద్రాసు రాష్ట్రం నుంచి విడివడి ఒడిశాలో కలిసిన నాటి నుంచి మా తెలుగువాళ్లు బజారులోనూ, బడిలోనూ ఆ భాషతోనే నెగ్గుకొస్తున్నారు, దానిని ప్రేమిస్తున్నారు కూడా. అయితే కొత్త మనిషి ఒడియాలో అడిగితే అమ్మ బజారులో చెప్పినట్టే పొడిగా, మర్యాదగా జవాబిస్తుంది. కష్టం చెప్పుకోవలసి వచ్చినప్పుడు మాత్రం నోట తెలుగే వస్తుంది. ఈ తేడాను పట్టించుకోని సర్వే ఎన్ని వేల ఇళ్లు తిరిగినా మా వీధి గోడు దానికి అందదని నా దృఢమైన అభిప్రాయం.

నేను ఉంటున్న అమెరికా నగరం హ్యూస్టన్‌లో రైస్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు స్టీఫెన్ క్లైన్‌బర్గ్ 1982లో తన విద్యార్థులతో మొదలుపెట్టిన సర్వే నాలుగు దశాబ్దాలకు పైగా సాగింది. ఈ ప్రాంతవాసుల అతి పెద్ద సమస్య ఏమిటన్న ప్రశ్నకు అందులో జవాబుల పట్టిక చదివి వినిపించరు; ఎవరికి తోచింది వారు తమ మాటల్లో చెప్పాలి. చమురు ధరలు కుప్పకూలిన 1980లలో జనం ఉపాధి గురించి, 1990ల నడుమ నేరాల గురించి, ఆ తరువాత ట్రాఫిక్ గురించి ఎక్కువగా చెప్పారు. అదే ప్రశ్నను విడవకుండా అడుగుతూ వచ్చినందువల్లనే ఆ మార్పు కంటికి కనబడింది. ఆసియా సంతతి వారి కోసం విడిగా జరిపిన సర్వేలలో వియత్నామీ, చైనీస్, కొరియన్ భాషలలో కూడా మాట్లాడించారు. ఇంగ్లీషు రానివారిని వదిలేసి ఉంటే నగరం తన గురించి తానే పొరబడి ఉండేది.

మన దేశంలోనూ ప్రయత్నం లేకపోలేదు. కేంద్రం నగరాలలో జీవనం ఎంత సుఖంగా ఉందో కొలిచే 2020 సులభ జీవన సూచిక (ఈజ్ ఆఫ్ లివింగ్ ఇండెక్స్)లో పౌరుల అభిప్రాయాలకు 30 శాతం మార్కులు కేటాయించి, 111 నగరాలలో 32 లక్షల మందికి పైగా ప్రజల మాట సేకరించింది. ఒడిశా నుంచి భువనేశ్వర్, రూర్కెలా ఆ జాబితాలో ఉన్నాయి, బరంపురం లేదు. ఒక ప్రాంతంలో భాషా అల్పసంఖ్యాకులు 15 నుంచి 20 శాతం ఉంటే ప్రభుత్వ ముఖ్య ప్రకటనలు వారి భాషలో కూడా వెలువడడం మేలన్న సూచన 1956 నాటి కేంద్ర ప్రభుత్వ పత్రం నుంచి ఉంది. ప్రకటనకు వర్తించే న్యాయం ప్రశ్నకు ఎందుకు వర్తించకూడదు?

ఇక్కడి మన తెలుగు సంఘం ఏటా స్వగ్రామాలలో సేవా కార్యక్రమాలకు డబ్బు పంపుతున్నది. ఏ పనికి పంపాలన్నది ఇక్కడ కూర్చుని మనమే నిర్ణయిస్తున్నాము. ఈసారి అందులో కొంత తీసి, బరంపురం, ఒడిశాలోనే ఉన్న పర్లాకిమిడి వీధులలో రెండు భాషలూ వచ్చిన విద్యార్థుల చేత ఒక్క ప్రశ్న అడిగించాలని కోరుతున్నాను: "మీకు ఇక్కడ అన్నిటికన్నా ఇబ్బందిగా ఉన్నది ఏమిటి?" చెప్పిన మాటను చెప్పినట్టే రాసుకోవాలి. తెలుగు మాట్లాడుతూనే తెలుగు అక్షరం చదవలేని మా వీధి పిల్లల సంగతి ఏ పట్టికలోనూ గడి లేని సంగతి. అదీ అప్పుడే బయటికి రావచ్చు. వచ్చే ఏడు మళ్లీ అవే గడపలకు వెళ్లాలి. మా వీధికి మాత్రం పొద్దున వెళ్లవద్దు. నాలుగింటికి లేచి నీళ్లు పట్టుకున్నవారు అప్పుడే కాస్త నడుం వాలుస్తారు.