పట్టీ కింద పురుగులు ఊహాగానమట

అడవి జంతువు మెడకు రేడియో కాలర్ ఎందుకు కడతారని అడిగే అమాయకులు ఇంకా మిగిలి ఉన్నారు కనుక, ఈ వివరణ అవసరమైంది. అది ఎటు తిరుగుతోందో, ఏ ఊరి వైపు నడుస్తోందో, ఎక్కడ కదలకుండా పడి ఉందో ఉపగ్రహం ద్వారా అధికారులకు తెలియడానికి కడతారు. ఆ పట్టీ కింద మెడ ఏమైందో చూడటం వారి విధుల్లో ఉన్నట్టు లేదు.

మధ్యప్రదేశ్‌లోని కూనో జాతీయ పార్కులో 2022 సెప్టెంబరు 17న నమీబియా చీతాలను ప్రధాని స్వయంగా వదిలారు. మరుసటి ఫిబ్రవరిలో దక్షిణాఫ్రికా నుంచి మరో 12 వచ్చాయి. 2023 జులైలో మూడు రోజుల తేడాతో తేజస్, సూరజ్ అనే మగ చీతాలు చనిపోగా, మెడల మీద పుండ్లు, పుండ్లలో పురుగులు కనిపించాయి. జులై 16న కేంద్ర పర్యావరణ శాఖ ఈ చావులను సహజ మరణాలుగా తేల్చి, మెడకు కట్టిన కాలర్ల వల్లే పుండ్లు పడ్డాయన్న నింద ఊహాగానమనీ, విన్న మాటలనీ ప్రకటించింది. కాదనగలమా? పుండు మీద ఈగ వాలడం సహజమే, ఆ మాటకొస్తే ఈగ కూడా వన్యప్రాణే. కొద్ది రోజులకే ఆరోగ్య పరీక్షల పేరిట పలు చీతాల మెడల నుంచి ఆ నిర్దోషి పట్టీలను విప్పేశారు.

ఈలోగా నిర్వా అనే ఆడ చీతా కాలర్ మూగబోయింది. ఇక చూడాలి వైభవం! డ్రోన్లు ఎగిరాయి, జాగిలాలు వాసన పట్టాయి, ఏనుగులు కదిలాయి, వందకు పైగా సిబ్బంది మూడు వారాలు ఆ అడవిని కాలినడకన గాలించారు. చివరికి ఆగస్టు 12 సాయంత్రం ఆ కాలరే మేల్కొని, చీతా నిన్న ఎక్కడుందో సెలవిచ్చింది. మర్నాడు నిర్వా దొరికింది. అంతకు ముందే, ఆగస్టు 2న, ధాత్రి అనే మరో ఆడ చీతా శవమై కనిపించింది.

పలుపు తాడు ఒరిసి ఎద్దు మెడ పుండైతే, బడి ముఖం చూడని పశువుల కాపరి తాడెత్తి చూసి, పురుగులు తీసి, మందు రాస్తాడు. వానాకాలంలో తడి ఆరని మెడకు పట్టీ బిగించి, రోజూ తెర మీద చుక్కను చూసుకుంటూ, బతికున్న ప్రాణిని పురుగులు తొలుస్తుంటే గమనించని ఘనులు, పైగా దాన్ని ఎత్తిచూపినవాళ్లనే వదంతుల రాయుళ్లను చేశారు. సిగ్గుండాలి!

తమ దేశపు చలికాలం వస్తోందనుకుని ఈ చీతాలు మన వర్షాకాలంలోనే దట్టమైన బొచ్చు పెంచుకున్నాయనీ, దాని కింద చెమ్మ చేరి పుండ్లు పడ్డాయనీ 2023 సెప్టెంబరులో చీతాలను తెచ్చిన ప్రాజెక్టు పెద్దలు కనుగొన్నారు. అందువల్ల ఇకపై బొచ్చు అంతగా పెరగని చీతాలను ఎంచి తెస్తామన్నారు. దోషం చీతాదేనని తేలింది కనుక విచారణ ముగిసినట్టే.