కోటీ 67 లక్షల రంగులు, ఒక్క నిచ్చెన

ఇంటి ముందు సీరియల్ సెట్లు వేలాడితే ఆ ఇంట్లో పెళ్లి. వీధి మొత్తానికీ అర్థమయ్యే ఈ భాషకు మొన్నటిదాకా ఒక వ్యాకరణం ఉండేది. టెంట్‌హౌస్ కుర్రాళ్లు ముందురోజు సాయంత్రం కట్టేవారు, మూడోనాటికి విప్పుకుపోయేవారు. ఇప్పుడు ఏడాది పొడవునా రాత్రి ఏడయ్యేసరికి డ్యూప్లెక్సులు వాటంతటవే రంగులు మారుస్తున్నాయి. ఏ ఇంట్లో పెళ్లి నడుస్తోందో, ఏ ఇంట్లో ఈఎంఐ మాత్రమే నడుస్తోందో తెలియడం లేదు. పిలవని పేరంటాలకు వెళ్లే వర్గానికి ఇది తీరని నష్టం.

అయినా శాశ్వత దీపాలంకరణ (ఇంటి ముఖానికి బిగించేసి ఫోనుతో రంగులు మార్చే ఎల్‌ఈడీ స్ట్రిప్) ఆగేది కాదు కనుక, కొనబోయే గృహస్థుల క్షేమం కోరి కొన్ని సంగతులు విన్నవించుకోవడం మా ధర్మం.

ముందు రంగులు. డబ్బా మీద కోటీ 60 లక్షల రంగులని రాస్తారు. అబద్ధం కాదు, పైగా తక్కువ చేసి చెప్పారు. ఎరుపుకు 256 మెట్లు, ఆకుపచ్చకు 256, నీలానికి 256. గుణిస్తే 1,67,77,216. అందులో ఆ నీలం ఎల్‌ఈడీని సాధించినందుకే 2014లో అకసాకి, అమానో, నకమురా అనే ముగ్గురికి ఫిజిక్స్ నోబెల్ ఇచ్చారు. ఇంత సంపద చేతికొచ్చాక గృహస్థు వాడుకునేవి మూడు: పరుగెత్తే ఇంద్రధనుస్సు, వణికే మంట, ఫోనులో పొరపాటున నొక్కుకుపోయి ఎలా తీయాలో తెలియనిది.

ఒక్క రంగు మీద నిలకడగా ఉందామన్నా మన రెండు రాష్ట్రాల్లో కుదిరే పని కాదు. పసుపు, గులాబీ, కాషాయం, నీలం, ఎరుపు, అన్నిటికీ ఇప్పటికే ఓనర్లున్నారు. ఎన్నికల ఫలితాల సాయంత్రం మీ పిట్టగోడ మీద ఏ రంగు వెలిగిందో ఎదురింటివాళ్లు ఐదేళ్లు గుర్తుంచుకుంటారు. తెలివైనవాడికి మిగిలేది తెలుపు. అందులోనూ మెలిక ఉంది. మూడు రంగులు కలిపి వండిన తెలుపు నీలి ఛాయలో తేలి, లక్షలు పోసిన ఎలివేషన్‌ను ఆసుపత్రి వరండాలా చూపిస్తుంది. అందుకే మూడు రంగుల ఆర్‌జీబీ కాదు, ఆర్‌జీబీడబ్ల్యూ అడగాలి. దాంట్లో తెలుపుకు విడిగా నాలుగో చిప్ ఉంటుంది. అదీ 3000 కెల్విన్ దగ్గర, గోరువెచ్చటి రంగులో. పండగలూ పుట్టినరోజులూ పోగా మిగిలిన రోజులన్నీ మీ ఇంటి పరువు మోసేది ఆ నాలుగోదే.

తెలుపు ఎంచుకున్నంత మాత్రాన తటస్థత నిలబడుతుందనీ లేదు. గేటు దగ్గర స్వతంత్ర అభ్యర్థిలా తెల్లగా మొదలైన ఆర్‌జీబీ దీపాలు నాలుగైదు మీటర్లు పోయేసరికి పసుపులో చేరతాయి, ఇంకాస్త దూరంలో కాషాయం కండువా కప్పుకుంటాయి, చివరి మూలలో ఎర్రజెండా పట్టుకుంటాయి. ఇది సిద్ధాంతం మారడం కాదు, వోల్టేజీ పడిపోవడం. ఎరుపు ఎల్‌ఈడీకి రెండు వోల్టులు చాలు. నీలానికి, ఆకుపచ్చకు దాదాపు మూడు కావాలి. తీగలో వోల్టులు తగ్గుతుంటే ఆకలికి తట్టుకోలేని నీలం ముందు రాజీనామా చేస్తుంది. అధిష్ఠానం నుంచి నిధులు అందని చోట ఫిరాయింపులు సహజమే కదా.

నిధులు ఎందుకు అందవంటే, వాస్తు. కరెంటు సామాను ఆగ్నేయంలోనే ఉండాలి గనక ఇంటి కరెంటును స్ట్రిప్‌కు సరిపడే తక్కువ వోల్టులకు దించే ఎస్‌ఎంపీఎస్‌ను అక్కడ ప్రతిష్ఠిస్తారు. తూర్పు ముఖం ఇంటికి లైట్లు ఈశాన్యం దాకా వెలగాలి. మధ్యలో 10 మీటర్ల తీగ, పోనూ రానూ 20 మీటర్లు. 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగకు ఆ దూరంలో సుమారు 0.24 ఓములు. దాంట్లోంచి 10 ఆంపియర్లు తోలితే 2.4 వోల్టులు దారిలోనే హరీ. బయల్దేరిన 12 వోల్టుల్లో ఈశాన్యానికి చేరేవి 9.6. ఆపైన స్ట్రిప్‌లో ఉండే రేకులాంటి రాగి తినేది వేరే లెక్క. అదే 24 వోల్టుల స్ట్రిప్ అయితే అంతే వెలుగుకు 5 ఆంపియర్లు చాలు, పోయేది 24లో 1.2 వోల్టులు. వాస్తు మార్చక్కర్లేదు, వోల్టేజీ మార్చండి. 24 వోల్టుల స్ట్రిప్‌లో మామూలుగా ఆరేసి బల్బులకు ఒక ఐసీ (రంగు ఆజ్ఞలు అందుకునే చిన్న చిప్) ఉంటుంది కాబట్టి ఆరూ కలిసే రంగు మారతాయి. రోడ్డు మీంచి చూసేవాడికి ఆ తేడా తెలియదు. స్ట్రిప్‌కు ఒక్క చివరే కరెంటిచ్చి ఊరుకోకుండా, 12 వోల్టులైతే ప్రతి 5 మీటర్లకు, 24 అయితే ప్రతి 10 మీటర్లకు మెయిన్ తీగ నుంచి మళ్లీ అందించాలి.

ఎస్‌ఎంపీఎస్ సైజు గురించి షాపులో చెప్పే లెక్కను పెళ్లిచూపుల్లో చెప్పే జీతంలా తీసుకోవాలి. 40 అడుగుల ముఖం, రెండు అంతస్తులు అంటే సుమారు 24 మీటర్లు. మీటరుకు 14.4 వాట్లయితే నిండు వెలుగులో 345 వాట్లు. 350 వాట్లది కొనేస్తే సరిపోతుందని అనిపిస్తుంది. రెంటచింతల ఎండలో రోజంతా మాడిన డబ్బాలో అది 350 ఇవ్వదు. 80 శాతానికి మించి తోలకూడదన్న లెక్కన 430 వాట్లు దాటాలి. నిజానికి 30 శాతం వెలుగులోనే ఇల్లు అందంగా ఉంటుంది, ఐదు గంటలకు అయ్యేది సుమారు అర యూనిట్. కానీ కొత్త లైట్లను 30 శాతంలో పెట్టుకునే గృహస్థు ఇంకా పుట్టలేదు.

ఇక వాన. స్ట్రిప్ మీద ఐపీ67 అని ఉంటుంది: దుమ్ము చొరదు, మీటరు లోతు నీళ్లలో అరగంట మునిగినా ఫరవాలేదు. ఆ హామీ ఫ్యాక్టరీలో మూసిన స్ట్రిప్‌కే. మేస్త్రీ కత్తెర పడిన క్షణాన అది రద్దు. కోసిన ప్రతి కొసకూ ఎండ్ క్యాప్, లోపల సిలికాన్ ఉండాలి. ఏ సిలికాన్ అన్నది ఎవరూ అడగరు. ఆవకాయ జాడీ పక్కన వెనిగర్ ఒలికినట్టు ఘాటుగా వాసన కొట్టేది ఆరేటప్పుడు ఎసిటిక్ ఆమ్లం వదులుతుంది, రాగిని కొరుక్కుతింటుంది. వాన నుంచి కాపాడటానికి పూసిందే జాయింటును చంపుతుందన్నమాట. న్యూట్రల్ క్యూర్ అని రాసి ఉన్నదే కొనాలి. స్ట్రిప్ పైపూత ఎపాక్సీ అయితే ఎండకు పచ్చబడి పగుళ్లిస్తుంది, సిలికాన్ తొడుగైతే నిలుస్తుంది. విశాఖ, కాకినాడల్లో సముద్రపు గాలికి బయటపెట్టిన రాగి ఆకుపచ్చ తిరుగుతుంది. అది 1,67,77,216లో లేని రంగు.

రంగులు నడిపించే కంట్రోలర్ డబ్బాకు తీగలన్నీ అడుగు నుంచే, గ్లాండ్ (బెజ్జంలో తీగ చుట్టూ బిగుసుకునే బిరడా) వేసి రావాలి. లోపలికి వచ్చే ముందు తీగ కాస్త కిందికి వేలాడి పైకి ఎక్కాలి, నీటిచుక్క అక్కడే రాలిపోతుంది. పైనుంచి బెజ్జం పెడితే మొదటి వానకు నీళ్లు, గ్లాండ్ లేకపోతే మొదటి చలికి బల్లి. వెచ్చగా, చీకటిగా, పురుగులు దొరికే చోటు. బల్లికి ఇంతకంటే వాస్తు ఉన్న ఇల్లు ఇంకోటి లేదు. బయటి లైట్లకు విడిగా 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే పడిపోయే స్విచ్) పెట్టించకపోతే, ఎస్‌ఎంపీఎస్‌కు వచ్చే ఇంటి కరెంటు తీగలో తడిసిన ఒక్క జాయింటు ఇంటి మొత్తం కరెంటునూ పడగొడుతుంది.

డాలస్‌లో ఉన్న బావమరిది వీడియో కాల్‌లో చూపించిన చూరు లైట్లు చూసి మనసు పడేవారున్నారు. అక్కడ చూరు చెక్కది, స్క్రూ దిగుతుంది. ఇక్కడ కాంక్రీటు సజ్జ. వెనకాల ఉన్న గమ్‌ను నమ్మి అతికిస్తే వేసవిలో సున్నంతో సహా ఊడి గుమ్మానికి తోరణమవుతుంది. అల్యూమినియం ప్రొఫైల్, అడుగున్నరకో క్లిప్పు, సజ్జ అడుగు భాగంలో మాత్రమే బెజ్జాలు. పిట్టగోడ పైనుంచి డ్రిల్ చేస్తే లైట్లతో పాటు లీకేజీ కూడా శాశ్వతమవుతుంది. వెలుగు గోడ మీద పడాలి, ఎదురింటి పడకగదిలో కాదు.

ఇంకొకటి. ఈ దీపాలది గొలుసు వ్యవహారం. ఒక ఐసీ పోతే కబురు అక్కడే ఆగి, తర్వాతివన్నీ చీకటి. పక్కనే కబురు మోసే రెండో డేటా తీగ ఉండే డబ్ల్యూఎస్2815 రకంలో ఒకటి పోయినా మిగతావి బతుకుతాయి. కానీ అందులో తెలుపుకు నాలుగో చిప్ ఉండదు, పైగా అది 12 వోల్టులది, మళ్లీ వాస్తుతో తగువు. కంట్రోలర్ గ్రౌండు (మైనస్ తీగ), స్ట్రిప్ గ్రౌండు కలపకపోతే పూనకం వచ్చినట్టు రంగులు ఎగురుతాయి. కరెంటు పోయి వచ్చాక ఆఫ్‌లోనే ఉండాలన్న సెట్టింగు పెట్టకపోతే, రాత్రి రెండింటికి కరెంటొచ్చినప్పుడు మీ ఇల్లు ఒక్కటే వీధిలో వినాయక నిమజ్జనం జరుపుతుంది.

పోయేది ఎప్పుడూ అన్నిటికంటే పైనున్న జాయింటే. అందుకే స్లాబు లెవెల్‌లో నిచ్చెన వేస్తే తప్ప అందని చోట కాకుండా, కిటికీలోంచో బాల్కనీలోంచో చెయ్యి అందే చోట జాయింట్లు పెట్టమని మేస్త్రీకి ముందే చెప్పాలి. అదే లాటులోంచి రెండు మీటర్ల స్ట్రిప్ దాచుకోవాలి, తర్వాత కొన్నదాని తెలుపు దీనితో కలవదు. చెబితే ఆయన తల ఊపుతాడు. సాయంత్రం చూస్తే జాయింటు రెండో అంతస్తు సజ్జ చివర, గాల్లో ఉంటుంది. క్యాప్ లేదు, సిలికాన్ లేదు.

"ఏం కాద్సార్, టేపు చుట్టేశా."