కెలెవెలె మన వంటింట్లోకి రావాలి

అక్రాలోనూ తేమాలోనూ ఉంటున్న మన తెలుగు ఇళ్ళల్లో వంటకు సాయం చేసే ఘానా ఆడవాళ్ళను ఒకసారి గమనించండి. పప్పుచారు ఎప్పుడు దించాలో వాళ్ళకు తెలుసు. దోసెల పిండి ఎంత జారుగా ఉండాలో తెలుసు. ఆవాలు చిటపటలాడాకే ఎండుమిర్చి వెయ్యాలని, ఇంగువ చిటికెడే చాలని తెలుసు. ఇంటావిడ ఇండియా వెళ్ళిన నెలరోజులూ మిగిలినవాళ్ళకు ఏ లోటూ రాకుండా తెలుగు భోజనం పెట్టగలిగిన ఆంటీలు మనలో చాలామంది ఇళ్ళల్లో ఉన్నారు. ఇదంతా వాళ్ళు పక్కన నిలబడి చూసి, రుచి చూసి నేర్చుకున్నదే.

మరి మనం వాళ్ళ దగ్గర ఏం నేర్చుకున్నాం? ఏళ్ళ తరబడి ఇక్కడే ఉండి, పిల్లల్ని ఇక్కడి బడుల్లోనే చదివించుకుంటూ, ఈ ఊరి వంట ఒక్కటి కూడా చేతికి రాని ఇళ్ళు మనలో ఎక్కువ. నాకు ఇది బాధగా ఉంది. నేర్చుకునే పని ఎప్పుడూ వాళ్ళ వంతే అవుతుంటే, మనం ఇక్కడ ఎన్నేళ్ళున్నా చుట్టపుచూపుగా ఉన్నట్టే.

ఇక్కడివాళ్ళు తినబోతుంటే ఎదురుగా ఎవరున్నా సరే 'యు ఆర్ ఇన్వైటెడ్' అంటారు. ఆఫీసులో కింద పనిచేసే కుర్రాడూ అంటాడు, గేటు దగ్గర వాచ్‌మనూ అంటాడు. మొహమాటానికి అన్నా, ఆ మాట అనకుండా తినడం వాళ్ళకు మర్యాద కాదు. అలా పిలిచిన ప్రతిసారీ మనం థాంక్యూ చెప్పి, నవ్వి, మన టిఫిన్ బాక్సు మూత తీసుకుంటాం. అందులో చేప ఉందో, ఏ మాంసం ఉందో అన్న అనుమానం కొందరిది. అది అర్థం చేసుకోదగ్గదే. కానీ ఏ అనుమానమూ అక్కర్లేని తిండి కూడా ఈ ఊళ్ళో ఉంది, మన వంటింట్లో సామానుతోనే అవుతుంది. అదే కెలెవెలె, మసాలా పట్టించిన అరటి వేపుడు. అక్కడ మొదలుపెడదామని నా కోరిక.

పిల్లలకు దాన్ని పరిచయం చెయ్యక్కర్లేదు. స్కూల్లో స్నేహితుల ఇళ్ళకు వెళ్ళినప్పుడు తినే వస్తున్నారు. తెలియనిది పెద్దవాళ్ళకే, వాళ్ళ కోసం చెబుతున్నాను. చీకటి పడ్డాక అక్రాలోని లబోన్, ఒసూ పేటల వైపు వెళ్తే రోడ్డు పక్కన బల్ల, పొయ్యి మీద వెడల్పాటి మూకుడు, దాని వెనక ఒక ఆంటీ కనిపిస్తారు. ప్లాంటెయిన్ అంటే వంటకు వాడే పెద్ద అరటి. ముగ్గిన ప్లాంటెయిన్ ముక్కలకు అల్లం, మిరప, ఉప్పు, మసాలా పట్టించి నూనెలో ఎర్రగా వేయిస్తారు. వేయించిన వేరుశనగ గింజలు గుప్పెడు కలిపి కాగితంలో పెట్టి ఇస్తారు. అక్రా ప్రాంతంలోని 'గా' అనే తెగ జనుల వంట ఇది. ఇప్పుడు ఘానా అంతటా తింటారు. పక్కనున్న ఐవరీ కోస్ట్‌లో ప్లాంటెయిన్ వేపుడును అలోకో అంటారు, నైజీరియాలో డోడో అంటారు. వాటిలో సాధారణంగా ముక్కకు మసాలా పట్టించరు. వేయించే ముందే అల్లం, మిరప ముక్కలోకి ఎక్కించడం ఘానా పద్ధతి. నోట్లో పెట్టుకోగానే తీపి, వెనకే అల్లం ఘాటు, ఆ తర్వాత గొంతులో మిరప. తీపీ కారమూ ఒకేసారి తినడం ఉగాది పచ్చడి తిన్న నాలుకకు కొత్తేమీ కాదు.

దీని పుట్టుపూర్వోత్తరాలు చూస్తే నాకు ముచ్చటేస్తుంది. అరటి జాతి ఆసియాలో పుట్టి, ఎప్పుడో ప్రాచీన కాలంలో ఆఫ్రికా చేరింది. అల్లం కూడా మన వైపుదే. మిరప, వేరుశనగ అమెరికా ఖండపు పంటలు. పోర్చుగీసువాళ్ళు 1482లో ఇక్కడి ఎల్మినాలో కోట కట్టారు. 1498లో వాస్కో డ గామా కాలికట్‌లో దిగాడు. ఆ తర్వాతి కాలంలో ఇక్కడికీ మన దేశానికీ మిరపను తెచ్చినవి పోర్చుగీసు ఓడలే. గుంటూరు కారానికీ అక్రా కారానికీ దారి ఒకటే. ఎక్కడెక్కడివో తెచ్చి కలిపినా, రుచి మాత్రం పూర్తిగా ఇక్కడి ఆడవాళ్ళ చేతిది. ఎల్మినా కోటను పిల్లలకు చూపించడానికి తీసుకెళ్తాం కదా, ఆ ప్రయాణంలో ఈ సంగతి కూడా చెప్పండి. అక్కడ బానిసల కొట్లు చూసి గుండె బరువెక్కిన పిల్లలకు, ఆ సముద్రం మీదే తిండి గింజలు కూడా ప్రయాణం చేశాయని తెలియాలి.

ఇక చెయ్యడం. మా ఇంట్లో వంటకు సాయం చేసే ఆంటీ కాయ ఎంచడం దగ్గరే నాకు పాఠం మొదలుపెట్టారు. నేను బుట్టలోంచి తీసిచ్చిన పచ్చటి పసుపు కాయను బొటనవేలితో నొక్కి చూసి, పక్కన పెట్టేసి, 'ఇంకా రెండు రోజులు, మేడమ్' అన్నారు. తొక్క పూర్తిగా పసుపు తిరిగి, మీద నల్లమచ్చలు బాగా వచ్చి, నొక్కితే కాస్త లోపలికి వెళ్ళాలి కానీ వేలు దిగబడకూడదు. కాయ ముగ్గే కొద్దీ లోపలి పిండి చక్కెరగా మారుతుంది. ఆ చక్కెర వల్లే వేగినప్పుడు ఎరుపు వస్తుంది. పచ్చిగా ఉంటే గట్టిగా, చప్పగా ఉంటుంది. పూర్తిగా నల్లబడితే ముక్క మెత్తబడి నూనె పీలుస్తుంది. అలాంటి వాటిని ఇక్కడివాళ్ళు పారెయ్యరు, పిండితో కలిపి తతాలే అనే అట్లు వేస్తారు. బజారులో ఆపాంతు అనే రకం అడగండి, కాయ పెద్దది, ముక్కలు బాగా వస్తాయి. ఆపెం అనేది చిన్న కాయలతో గెల నిండా కాస్తుంది, అదీ పనికొస్తుంది.

ఆమె కోసే తీరు చూడాలి. చెక్క వాడరు. తొక్క మీద నిలువుగా ఒక గాటు పెట్టి, బొటనవేలితో ఎత్తి ఒలుస్తారు. పండును ఎడమ అరచేతిలో పట్టుకుని, కత్తిని తన వైపుకే లాగుతూ ఏటవాలుగా కోస్తారు. ముక్కలు నేరుగా గిన్నెలో పడతాయి, అన్నీ బొటనవేలి కొసంత. ఆ కత్తిని చూస్తే నాకు ఇప్పటికీ టెన్షనే, అందుకే నేను చెక్క మీదే కోస్తాను. ముద్ద నూరడానికి అసాంకా వాడతారు. అది లోపల గరుకు గీతలున్న మట్టి మూకుడు, నూరడానికి నడుము సన్నగా ఉన్న చిన్న చెక్క రోకలి. అల్లం ముందు, ఆ తర్వాత మిరప, ఉల్లి. దంచడం తక్కువ, గీతల మీద తిప్పుతూ నూరడం ఎక్కువ. అల్లం నలుగుతుంటే వచ్చే వాసన హాల్లో కూర్చున్నవాళ్ళను కూడా వంటింట్లోకి లాగుతుంది.

నాలుగు ప్లాంటెయిన్లకు రెండంగుళాల అల్లం ముక్క, సగం ఉల్లిపాయ, కారం తినే శక్తిని బట్టి మిరపకాయలు, మూడు నాలుగు లవంగాలు, అర చెంచా సోంపు సరిపోతాయి. ఇక్కడి బజారులో దొరికే పొట్టి, గుండ్రటి క్పాక్పో షితో మిరపకు మంచి సువాసన ఉంటుంది, దొరికితే అదే వెయ్యండి. హ్వెన్తియా అని నల్లటి, కణుపులు కణుపులుగా ఉండే ఒక ఎండు కాయ కూడా కొందరు వేస్తారు. పొగ చూరినట్టు, కాస్త మిరియంలా ఉండే ఆ వాసన మన మసాలాల్లో దేనికీ లేదు, అందుకే దాన్ని వదలొద్దంటాను. మిక్సీలో వేసుకుంటే నీళ్ళు దాదాపు పొయ్యకండి. అల్లం పీచు మిగిలితే తీసెయ్యండి, నూనెలో ముందు మాడేది అదే.

ముద్దను ముక్కలకు పట్టించి పావుగంట ఉంచితే చాలు. ఉప్పు మాత్రం మూకుడు పొయ్యి మీద పెట్టాకే కలపాలి, ముందే కలిపితే నీరు ఊరుతుంది. నూనె బాగా కాగాలి. ఒక ముక్క వేస్తే వెంటనే చుట్టూ బుడగలు లేవాలి. ఒక వాయికి మూకుడు అడుగు నిండేటన్నే వెయ్యాలి. ఎక్కువ వేస్తే నూనె చల్లబడి ముక్కలు ఉడుకుతాయి. మన అలవాటు బజ్జీల్లా బంగారు రంగు రాగానే తియ్యడం. ఇక్కడ ఆగాలి. ఇటుక రంగు దాటి, అంచులు నల్లబడబోతున్నప్పుడు తియ్యాలి. అంచు కరకరలాడి లోపల మెత్తగా ఉంటే కుదిరినట్టు. వాయికీ వాయికీ మధ్య నూనెలో తేలే మసాలా నలుసులు చిల్లుల గరిటెతో తీసెయ్యండి, లేకపోతే రెండో వాయి చేదెక్కుతుంది. వేరుశనగ గింజలు ఉప్పేసి వేయించినవి, పొట్టుతోనే, పక్కన ఉండి తీరాలి. అవి లేకుండా తింటే సగం తిన్నట్టే.

ఒక మాట గట్టిగా చెబుతాను. శనగపిండి ముట్టుకోకండి. కరివేపాకు, చాట్ మసాలా కూడా వద్దు. తర్వాత ఎవరిష్టం వాళ్ళది, ఇంటింటికీ వంట మారుతుంది. కానీ మొదటిసారి ఆంటీ చెప్పినట్టే చేసి, ఆమెకే ముందు పెట్టి, 'కుదిరిందా' అని అడగండి. మా ఇంట్లో ఆమె ఒక ముక్క నోట్లో వేసుకుని 'మిరప తక్కువైంది' అన్నారు. గుంటూరు కోడలికి ఆ మాట వినడం కొత్త అనుభవం. సాంబారు మొదటిసారి కాచినప్పుడు ఆమె మన ముఖం వైపు ఎలా చూశారో, ఇప్పుడు మనం ఆమె ముఖం వైపు అలా చూడాలి. నేను కోరేది అదే.

శాకాహారుల ఇబ్బంది నాకు తెలుసు. రోడ్డు మీద అదే మూకుట్లో చేపో, టర్కీ కోడి ముక్కలో వేయించే చోట్లు ఉన్నాయి. అందుకే ఇంట్లో చేసుకోమంటున్నాను. షుగర్ ఉన్నవాళ్ళు జాగ్రత్తపడాలి, ముగ్గిన పండు, పైగా నూనె, రెండు ముక్కలతో ఆపాలి. ఎయిర్ ఫ్రయ్యర్‌లో చెంచా నూనె పట్టించి చేస్తే తినదగ్గట్టే వస్తుంది, కానీ ఆ అంచు రాదు. సెలవులకు వెళ్ళినప్పుడు అక్కడ చేసి చూపించాలనుకుంటే చక్కెరకేళి, అమృతపాణి జోలికి వెళ్ళొద్దు, నూనెలో కరిగిపోతాయి. హైదరాబాద్‌లో కేరళ సరుకులమ్మే దుకాణాల్లో నేంద్రం దొరుకుతుంది. అది ప్లాంటెయిన్‌కు దగ్గర చుట్టం, మచ్చలు వచ్చేదాకా ముగ్గబెట్టి వాడండి.

కెలెవెలె చేతికొచ్చాక మిగతావి భయపెట్టవు. రెడ్ రెడ్ అంటే బొబ్బర్లను ఎర్రటి పామాయిల్లో వండి ప్లాంటెయిన్ వేపుడుతో తినేది. చేప వెయ్యొద్దని చెబితే పూర్తి శాకాహారమే. ఇక మనం ఫ్రిజ్‌లో పెట్టుకుని తాగే 'సొబొలో' అనే పానీయం సంగతి. దాన్ని కాచే పువ్వు మన ఎర్ర గోంగూర జాతి మొక్కదే, ఉత్తర ఘానాలో ఆ ఆకును కూరగా వండుకుంటారు. ఇండియా నుంచి సూట్‌కేసులో గోంగూర పచ్చడి సీసాలు మోసుకొచ్చే మనలో ఎంతమందిమి ఉత్తర ఘానా ఆడవాళ్ళను ఆ ఆకు ఎక్కడ దొరుకుతుందని అడిగాం?

మన సంఘం పెద్దలకు నా విన్నపం ఇది. ఏటా సంక్రాంతి కలయికలో అరిసెలు, సకినాలు, పులిహోర ఉంటాయి, ఉండాలి కూడా. ఈసారి వాటి పక్కన కెలెవెలె పొయ్యి ఒకటి పెడదాం. జనవరిలో ప్లాంటెయిన్ బాగా దొరుకుతుంది. మార్చి దాటాక ధర పెరుగుతుంది కాబట్టి ఉగాదికన్నా సంక్రాంతే నయం. వంట బయట ఆర్డర్ ఇవ్వొద్దు. మన ఇళ్ళల్లో పనిచేసే ఆంటీల్లో ఇష్టమున్నవాళ్ళను అడుగుదాం. ఆ రోజుకు వేరే డబ్బు ఇద్దాం, ఇది వాళ్ళ జీతంలో పని కాదు. ముక్కలు కోసేదీ నూరేదీ మనం, చెప్పేది వాళ్ళు. వంట అయ్యాక వాళ్ళు, వాళ్ళ పిల్లలు మన పంక్తిలోనే కూర్చోవాలి. ఇన్నేళ్ళుగా ఆ కలయికల్లో వాళ్ళను గిన్నెలు కడిగే దగ్గరే చూశాను.

కాయలు పండగకు నాలుగైదు రోజుల ముందే కొనాలి, పచ్చివి తెస్తే ముగ్గడానికి అంత టైమ్ పడుతుంది. అగ్‌బొగ్‌బ్లోషీ వైపు వెళ్ళి టోకున తెచ్చే బాధ్యత ఎవరైనా తీసుకుంటే కారు నాది. అసాంకాలు మా ఇంట్లో రెండున్నాయి. ఇంకో మూడు కావాలి, ఎవరింట్లో ఉన్నా కమిటీకి చెప్పండి.