పగిలిన కాలితో గెలిచింది శరీరమే

"టైగర్ వుడ్స్ కాలు విరిగి ఉండగా యూఎస్ ఓపెన్ గెలిచాడు. కాలు విరిగినా గెలవగలిగేది క్రీడ ఎలా అవుతుంది? పరుగు లేదు, బొజ్జలున్నవాళ్లూ ముసలివాళ్లూ కప్పులు కొడతారు. గోల్ఫర్లు క్రీడాకారులు కారు." పెద్ద గోల్ఫ్ టోర్నీ వచ్చినప్పుడల్లా ఈ సందేశం చేతులు మారి నా ఫోనుకూ చేరుతుంది.

ముందు ఆ కాలి సంగతి. 2008 జూన్, శాన్ డియేగోలోని టోరీ పైన్స్ మైదానం. వుడ్స్ ఎడమ మోకాలికి ఏప్రిల్‌లోనే శస్త్రచికిత్స జరిగింది. లోపల లిగమెంట్ తెగి ఉంది, మోకాలి కింది పెద్ద ఎముకలో రెండు సన్నని పగుళ్లున్నాయి (విరగడానికీ పగలడానికీ తేడా సందేశం రాసినవారికి పట్టలేదు). కుడిచేతి ఆటగాడు స్వింగ్ చేసినప్పుడు ఒంటి బరువంతా చివరికి వాలేది ఎడమ కాలి మీదే. అది గట్టిగా నిలబడితేనే నడుము తిరుగుతుంది. అంటే దెబ్బ తగిలింది బండి ఇరుసుకే. బంతి కొట్టాక ఆయన నొప్పితో వంగిపోవడం టీవీ చూసినవారందరికీ గుర్తుంటుంది.

గోల్ఫ్‌లో ఒక్కో హోల్ అంటే బంతిని గుంటలో వేయాల్సిన ఒక్కో అంకం, దెబ్బను స్ట్రోకు అంటారు, తక్కువ స్ట్రోకులతో ముగించినవాడిదే గెలుపు. ఆదివారం చివరి హోల్‌లో పన్నెండు అడుగుల పుట్ వేసి (బంతిని నేలమీద దొర్లించి గుంటలో వేసి) వుడ్స్ స్కోరు సమం చేశాడు. ఎదుటివాడు రోకో మీడియేట్, వయసు 45, ప్రపంచ ర్యాంకు 158. అప్పటి నియమం ప్రకారం సోమవారం మళ్లీ 18 హోల్స్ ఆడాలి. పది ముగిసేసరికి వుడ్స్ మూడు స్ట్రోకుల ఆధిక్యంలో ఉన్నాడు. 13, 14, 15 హోల్స్‌లో వరుస బర్డీలతో (నిర్ణీత స్ట్రోకుల సంఖ్య అయిన పార్ కంటే ఒకటి తక్కువ) మీడియేట్ ఒక స్ట్రోకు ముందుకు వెళ్లాడు. చివరి హోల్‌లో వుడ్స్ బర్డీ! ఇద్దరివీ 71 స్ట్రోకులు. సడన్ డెత్‌లో, అంటే ముందు వెనకబడ్డవాడు ఓడిపోయే అదనపు ఆటలో, మీడియేట్ బోగీ (పార్ కంటే ఒకటి ఎక్కువ) చేశాడు, వుడ్స్ పార్‌తో గెలిచాడు. మొత్తం 91 హోల్స్. ఆ నెలలోనే మోకాలికి మళ్లీ శస్త్రచికిత్స జరిగింది, ఆ ఏడాది ఆయన మరో టోర్నీ ఆడలేదు. ఇదేమైనా చదరంగమా, కాలికి కట్టుతోనే ఆగస్టులో పీజీఏ చాంపియన్‌షిప్‌కు వెళ్లి కూర్చోవడానికి?

పరుగు లేదన్నది నిజమే. దీనికి గోల్ఫ్ అభిమానులు రోజుకు ఏడు కిలోమీటర్ల నడకను చూపిస్తారు. నేను ఆ వాదన ఎత్తుకోను. 2001లో కేసీ మార్టిన్ కేసులో అమెరికా సుప్రీంకోర్టే నడక ఈ ఆటకు ప్రాణం కాదని తేల్చి, కాలి జబ్బున్న ఆ ఆటగాడికి బండి వాడుకునే హక్కు ఇచ్చింది. అయినా నడవడానికేముంది, ఆటగాళ్ల సహాయకులైన కేడీలూ నడుస్తారు, సంచి మోస్తూ మరీ. శ్రమంతా కొట్టడంలో ఉంది. అగ్రశ్రేణి పురుష ఆటగాళ్ల డ్రైవర్ (బంతిని బాగా దూరం కొట్టే కర్ర) దాదాపు గంటకు 180 కిలోమీటర్ల వేగంతో బంతిని తాకుతుంది. షాట్‌పుట్ వేసేవారు ఏడడుగుల వలయం దాటితే ఫౌలే. పరుగెత్తలేదని వారిని ఎవరూ తప్పుపట్టరు. బొజ్జల మాటకూ జవాబు ఆ వలయంలోనే దొరుకుతుంది.

ముసలివాళ్లు అన్నప్పుడు అందరూ చెప్పేది టామ్ వాట్సన్ పేరే. 2009లో టర్న్‌బెరీలో 59 ఏళ్ల వయసులో ఆయన బ్రిటిష్ ఓపెన్ అంచుదాకా వెళ్లాడు, అదీ తుంటి మార్పిడి జరిగి ఏడాదైనా కాకముందే. కానీ గెలవలేదు. నాలుగు హోల్స్ ప్లేఆఫ్‌లో స్టువర్ట్ సింక్ చేతిలో ఆరు స్ట్రోకుల తేడాతో ఓడిపోయాడు. 1860 నుంచి జరుగుతున్న మేజర్లలో (గోల్ఫ్‌లోని అతిపెద్ద టోర్నీల్లో) యాభై ఏళ్లకు గెలిచినవాడు ఒక్కడే, 2021లో ఫిల్ మికెల్సన్. వయసుతో పనిలేకపోతే ఆ జాబితా ఇంత చిన్నదిగా ఎందుకుంది?

నాకు ఈ సందేశం పంపిన మిత్రుడు 2021 ఆగస్టు 7న తెల్లవారకముందే లేచి, టోక్యో ఒలింపిక్స్‌లో మన గోల్ఫర్ అదితి అశోక్ ఆడుతుంటే టీవీకి అతుక్కుపోయాడు. ఒక్క స్ట్రోకు తేడాతో పతకం చేజారింది. కోవిడ్ నుంచి కోలుకున్నాక తన బంతి మునుపటంత దూరం పోవడం లేదని ఆమే చెప్పింది. ఒంటితో పనిలేని ఆటలో అలా ఎందుకు జరుగుతుందని అతన్ని అడిగాను. ఇంకా జవాబు రాలేదు.