దుంగ లావు కాదు, మూల కోత చూడండి
దుంగల్ని ఒకదాని మీద ఒకటి అడ్డంగా పేర్చి గోడలు కట్టిన పాత దుంగ ఇళ్లు ఇన్నేళ్లు నిలవడానికి దుంగల లావే కారణమని ఒక వ్యాసంలో రాశారు, అది ఒప్పుకోలేను. ఎంత లావు దుంగైనా తడి ఆరకపోతే పుచ్చిపోతుంది. అసలు పనితనం రెండు గోడల దుంగలు కలిసే మూలల్లో ఉంది. డవ్‌టైల్ కోతలో, అంటే దుంగల చివరల్ని పావురం తోకలా చెక్కి ఒకదానిలో ఒకటి బిగించే పద్ధతిలో, గాడి బయటికి వాలుగా ఉంటుంది, వాననీరు అందులో నిలవదు, పై బరువు పడేకొద్దీ మూల ఇంకా బిగుస్తుంది. మేకుతో పనే లేదు! ఇంకోటి, చెక్క పొడవునా దాదాపు తగ్గదు, అడ్డంగానే కుంచించుకుంటుంది. పచ్చి దుంగల్ని సందు లేకుండా పేర్చిన గోడ అడుగు ఎత్తుకు ముప్పావు అంగుళం దాకా దిగుతుంది. అందుకే గుమ్మాలు, కిటికీల పైన ఖాళీ వదిలి పలకతో కప్పుతారు. ఆ ఖాళీ లేకపోతే గోడ బరువంతా చౌకట్టు మీద పడి తలుపు పట్టేస్తుంది. దుంగల మధ్య సందులున్న ఇళ్లలో మరమ్మతు పేరుతో ఆ సందుల్లో సిమెంటు కూరడం మాత్రం ఘోరం. దుంగ ఆరి జరిగితే సిమెంటు జరగదు, పగులుతుంది, ఆ పగులులో దిగిన నీరు లోపలే ఉండి చెక్కను తినేస్తుంది. మట్టి, సున్నం అయితే తడిని బయటికి వదులుతాయి. మహారాష్ట్ర గడ్చిరోలి జిల్లాలోని మా సిరొంచ వైపు పాత ఇళ్లలో టేకు స్తంభాన్ని నేలలో పాతకుండా రాతి దిమ్మ మీద నిలిపింది కూడా ఈ తడి భయంతోనే, చెద భయంతోనే. అందులోనూ లోపలి గట్టి చేవ భాగమే వాడేవారు, దాని చుట్టూ ఉండే తెల్లచెక్క చెక్కేసేవారు.