లోడ్ కాని ఎక్స్‌టెన్షన్ వారికి

మహారాజశ్రీ ఎక్స్‌టెన్షన్ వారి సముఖమునకు,

ఉభయకుశలోపరి అని మొదలుపెడదామనుకున్నాను. తమరు కుశలంగా లేరని నిన్న మధ్యాహ్నం రెండింటి నుంచి ఆరున్నర దాకా కళ్ళారా చూశాను కనుక ఆ మాట మానేశాను.

నిన్న పి.గన్నవరంలోని మా అచ్చు దుకాణానికి గోదావరి లంక నుంచి ఒక పెద్దాయన వచ్చారు. మేనకోడలి పెళ్ళి, శ్రావణంలోనే ముహూర్తం. శుభలేఖ మ్యాటరు ఫోనులో యూనికోడ్‌లో, అంటే ప్రతి తెలుగు అక్షరానికీ సొంత గడి ఉన్న పద్ధతిలో ఉంది. మా దగ్గరున్నవేమో ఇంగ్లిషు అక్షరాల గళ్ళలో తెలుగు ముక్కలు సర్దుకుని బతికే పాత ఫాంట్లు. దీన్ని దానిలోకి మార్చడానికి, పేజీలు పేర్చే మా సాఫ్ట్‌వేరుకు తగిలించుకున్న మధ్యవర్తి తమరే. తమరు రాలేదు. చి.ల.సౌ. ఉండవలసిన చోట ఖాళీ గడులు బారులు తీరాయి.

"ఎక్స్‌టెన్షన్ లోడ్ కాలేదు" అని సెలవిచ్చారు. అది కనిపిస్తూనే ఉంది మహాప్రభో, ఎందుకు కాలేదు? "మళ్ళీ ప్రయత్నించండి." ప్రయత్నించాను. కంప్యూటర్ ఆపి పెట్టాను. తమరిని తీసేసి, దాచుకున్న పాత ఫైలుతోనే మళ్ళీ ఎక్కించాను. అడ్మినిస్ట్రేటర్ హోదాలో పిలిచాను, ఆ హోదాకూ లేవలేదు. సాఫ్ట్‌వేరుతోపాటు వచ్చిన ఎక్స్‌టెన్షన్లు ఇంకో 14 ఉంటే, అన్నీ ఆపేసి ఒక్కొక్కటే వెలిగించి చూశాను. సగం సగం ఆపుకుంటూ పోతే నాలుగు విడతల్లో తేలిపోతుందని పదోదాని దగ్గర గాని తట్టలేదు, అది నా బుద్ధి. తీరా చూస్తే వాటిలో దేనిదీ తప్పు కాదు.

ఈలోగా పెద్దాయన ఫోను మోగుతూనే ఉంది. "ధవళేశ్వరం దగ్గర పన్నెండున్నర అడుగులు దాటిందటండి. రెండో హెచ్చరిక వస్తే మా పడవ ఆపేస్తారు" అన్నారు, నా తెర వంక చూస్తూ.

అక్కడ మండింది నాకు. పాపికొండలు ఒరుసుకుంటూ, చెట్లను వేళ్ళతో సహా మోసుకొచ్చే నది. అదే 11.75 అడుగులకు ఒకటి, 13.75కు రెండు, 17.75కు మూడు అని చెప్పి మరీ మా ఇళ్ళలోకి వస్తుంది. బ్యారేజీ 175 గేట్ల నుంచి ఎన్ని లక్షల క్యూసెక్కులు వదిలారో లంకల్లో బడిపిల్లలు కూడా చెబుతారు. నువ్వు? నాలుగు మెగాబైట్లు లేవు, ఒక్క ముక్క చెప్పడానికి నోరు రాలేదా? రాత్రికి రాత్రి సాఫ్ట్‌వేరు తనంతట తాను 64 బిట్‌కు మారిపోయింది. నువ్వు 32 బిట్ దగ్గరే ఉన్నావు, అందులోకి ఎక్కలేవు. ఇంతే కదా సంగతి! "నేను 32, ఇది 64" అని ఒక్క వరుస రాస్తే నీ సొమ్మేం పోయింది? డౌన్‌లోడ్ పేజీ అట్టడుగున రెండు ఫైళ్ళు పక్కపక్కన కనబడితే నాకు నేనుగా తెలుసుకున్నాను. "ఏదో పొరపాటు జరిగింది" అట! ఏదో ఏమిటి? ఎవరి పొరపాటు?

అర్ధరాత్రి దూరిన ఆ అప్‌డేట్ సంగతి వేరే రాస్తాను. దానికి ఈ కాగితం చాలదు.

కొత్త ఫైలు ఎక్కించాక మాత్రం "జ్యేష్ఠ పుత్రిక" దగ్గర కూడా తడబడకుండా, ఒత్తులతో సహా రెప్పపాటులో దించేశావు. అందుకే నిన్ను తీసిపారేయలేకపోతున్నాను.

పెద్దాయన కళ్ళజోడు సవరించుకుని ప్రూఫు మొత్తం చదివారు. "ఇరవై వరుసలే కదండీ, చేత్తో కొట్టేసినా మూడింటికల్లా అయిపోయేదేమో" అన్నారు, గొడుగు తీసుకుంటూ.

ఇట్లు,
ఇరవై రెండేళ్ళు చేత్తోనే కొట్టినవాడు